షెర్లాకియన్‌ని 'వీరాభిమాని' అనకండి

ఎనిమిదేళ్ల కిందట ఒక పత్రిక కోసం ఇంగ్లీషు వ్యాసం ఒకటి తెలుగు చేశాను. అందులో, ఇంగ్లీషు కథల్లోని డిటెక్టివ్ షెర్లాక్ హోమ్స్ పేరు మీద పుట్టిన 'షెర్లాకియన్' అనే మాట నాలుగు చోట్ల వచ్చింది. నాలుగు చోట్లా 'షెర్లాక్ హోమ్స్ వీరాభిమాని' అని రాసి పంపేశాను. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. అచ్చయింది. అచ్చులో చూసుకున్న రోజు నుంచి ఇవాళ్టి దాకా ఆ మాట నాకు పంటి కింద రాయిలా తగులుతూనే ఉంది. ఎందుకంటే నేను చూసిన మొదటి షెర్లాకియన్ ఎవరికీ వీరాభిమాని కాదు. ఆయన మా పెదనాన్న.

పెదనాన్న తెనాలిలో లెక్కల మాస్టారు. షెర్లాకియన్ అనే మాట ఆయన జీవితంలో ఒక్కసారి కూడా విని ఉండరు. విజయవాడ ఏలూరు రోడ్డులో పాత పుస్తకాల కొట్టులో కొన్న హోమ్స్ కథల సంపుటం ఒకటి ఆయన దగ్గర ఉండేది. అట్ట ఊడిపోతే కేలండర్ కాగితంతో అట్ట వేసుకున్నారు. వేసవి సెలవుల్లో రాత్రిపూట డాబా మీద పక్కలు వేసుకుని పడుకున్నాక, ఆ కథలు తెలుగులో చెప్పేవారు. నాకు పన్నెండేళ్లప్పుడు చెప్పిన కథ పాము కథ. ఇంగ్లీషులో దాని పేరు 'ది స్పెకిల్డ్ బ్యాండ్'. మచ్చల పట్టీ అనుకోవచ్చు.

కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. కలకత్తాలో డాక్టరుగా పనిచేసి వచ్చిన రాయ్‌లాట్ అనే కోపిష్టి మనిషి. చనిపోయిన ఆయన భార్యకి మొదటి పెళ్లిలో పుట్టిన ఇద్దరు కవల కూతుళ్లు. ఒకమ్మాయి పెళ్లి ఇంకో పదిహేను రోజులుందనగా గదిలో చచ్చిపోతుంది. రెండో అమ్మాయికి పెళ్లి కుదరగానే అదే గదిలో పడుకోవాల్సి వస్తుంది. అర్ధరాత్రి సన్నగా ఈల వినపడుతుంది. హోమ్స్ వెళ్లి చూస్తే మంచం నేలకి బిగించి ఉంది. మంచం మీదికి వేలాడే గంట తాడు లాగితే గంట మోగదు. పక్క గదిలోకి గోడలో చిన్న కన్నం. ఆ గదిలో ఇనప్పెట్టె, దాని మీద చిన్న గిన్నెలో పాలు. ఇంట్లో చూస్తే పిల్లి లేదు. ఆ డాక్టరు పాముని కన్నంలోంచి పంపి, తాడు మీదుగా మంచం మీదికి దింపి, ఈల వేసి వెనక్కి పిలిచేవాడన్నమాట.

నాకు వణుకు పుట్టింది. దుప్పటి ముసుగు తీయలేదు. పెదనాన్న కాసేపు ఊరుకుని, "ఇప్పుడు చెప్పమ్మాయ్, ఇందులో ఎన్ని తప్పులున్నాయి?" అన్నారు.

నాకు అర్థం కాలేదు. ఆయనే లెక్కపెట్టారు. పాము పాలు తాగదు. దానికి బయటికి చెవులే లేవు, అంత సన్నటి ఈల పక్క గదిలోంచి విని తిరిగి రావడం కష్టం. వేలాడే తాడు మీద దిగి మళ్లీ అదే తాడు పట్టుకుని ఎక్కిపోవడం ఇంకా కష్టం. ఆ డాక్టరు ఇండియా నుంచి తెప్పించుకున్న జంతువుల్లో ఒక చీతా, ఒక బబూన్ ఉన్నాయని కథలో ఉంది. "ఇండియాలో బబూన్ ఎక్కడుంది తల్లీ? అది ఆఫ్రికా కోతి కదా!"

పెద్దమ్మ ఏటా నాగుల చవితికి పుట్టలో పాలు పోస్తుంది. నేనూ వెంట వెళ్లేదాన్ని. అదే అడిగాను. ఆయన అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "పుట్టలో పాలు మన మొక్కు. పాము తాగినా తాగకపోయినా మొక్కు మొక్కే. కథలో పాలు సాక్ష్యం. సాక్ష్యం నిజమై తీరాలి."

నాకు ఏడుపొచ్చింది. "అయితే కథంతా అబద్ధమేనా?" అన్నాను. "అబద్ధమని ఎవరన్నారు? ఈ కథ చెప్పింది ఎవరు? హోమ్స్ స్నేహితుడు వాట్సన్. ఆయన డాక్టరు, పాములవాడు కాడు. చీకటి గదిలో, ప్రాణభయంతో, ఒక్క క్షణం చూశాడు. చూసింది పామేనని ఆయనకి మాత్రం ఏం తెలుసు?" అన్నారు.

ఆ తర్వాత రెండు రోజులు మా ఇంట్లో అదే చర్చ. తాడు ఎక్కాలి, దిగాలి, ఈల వినాలి, పాలు తాగాలి, కరిస్తే మనిషి చావాలి. ఏమిటా జంతువు? ఉడుము అయ్యుంటుందన్నారు పెదనాన్న. ఉడుం పట్టు తెలిసిందే, చెవులూ ఉన్నాయి. కానీ కరిస్తే చచ్చేంత విషం లేదు. అక్కడ ఆగిపోయారు. పుస్తకంలో ఆ కథ పక్కన పెన్సిలుతో ఒక్క మాట రాసుకున్నారు: "చూడాలి."

ఆయన పోయిన చాలా ఏళ్లకి నేనొక సంగతి చదివాను. లారెన్స్ క్లాబర్ అని అమెరికాలో పాముల శాస్త్రవేత్త ఉండేవాడు. గిలక పాముల మీద ఆయన చేసిన పని ఆ శాస్త్రంలో పెద్దది. ఆ క్లాబర్ 1940లలో ఇదే కథ మీద, ఇవే ప్రశ్నలతో ఒక వ్యాసం రాశాడు. పాములకి ఉన్న ఇబ్బందులన్నీ శాస్త్రవేత్తగా వరసపెట్టి, చివరికి ఒక తీర్పు ఇచ్చాడు: రాయ్‌లాట్ పెంచింది మామూలు పాము కాదు, నాగుపాముకీ మెక్సికో వైపు ఉండే గిలా మాన్‌స్టర్ అనే విషపు బల్లికీ కలిపి పుట్టించిన సంకర జంతువు. బల్లి వైపు నుంచి కాళ్లు, చెవులు. నాగుపాము వైపు నుంచి విషం. పెదనాన్న ఉడుము దగ్గర ఆగిపోయింది ఆ విషం కోసమే! ఆ పేజీ చదువుతూ ఆయన్ని ఒక్కసారి లేపి చెప్పగలిగితే బాగుండుననుకున్నాను.

శాన్ డియాగోలో ఉన్న ఆ పెద్ద శాస్త్రవేత్త, తెనాలిలో ఉన్న ఈ లెక్కల మాస్టారు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఇద్దరూ చేసింది ఒకే పని. ఆ పని చేసేవాళ్లకి పెట్టిన పేరే షెర్లాకియన్. అందుకే ఆ మాటని అభిమానం కిందికి తోసేస్తే నాకు బాధ.

ఆ పని ఎలా మొదలైందో కొంచెం చెప్పాలి. 1911లో ఆక్స్‌ఫర్డ్‌లో రోనాల్డ్ నాక్స్ అనే యువకుడు హోమ్స్ కథల మీద ఒక పత్రం చదివాడు. తర్వాత అది అచ్చయింది. అప్పట్లో జర్మన్ పండితులు బైబిల్ని వాక్యం వాక్యం విడగొట్టి, ఇది ఫలానావారు రాశారు, ఇది తర్వాత చేరింది అని తేల్చేవారు. నాక్స్ మతగురువు కాబోతున్న మనిషి. ఆ పండితుల పద్ధతినే తీసుకెళ్లి హోమ్స్ కథలకి పెట్టాడు. సరదాగానే చేశాడు గానీ పని మాత్రం పద్ధతిగా, పూర్తిగా చేశాడు. ఆ కథలు రాసిన ఆర్థర్ కానన్ డాయల్ అది చదివి, ఇంత శ్రమ ఎవరైనా పడతారా అని ఆశ్చర్యపోతూ నాక్స్‌కి ఉత్తరం రాశాడు.

అక్కడి నుంచి ఆటకి నియమాలు ఏర్పడ్డాయి. హోమ్స్, వాట్సన్ నిజంగా బతికిన మనుషులు. కథలు రాసింది వాట్సన్. డాయల్ వాటిని పత్రికలకి చేర్చిన ఏజెంటు, అంతే. నాలుగు నవలలు, 56 కథలు, మొత్తం 60 రచనలే ప్రమాణం. వీటిని 'కేనన్' అంటారు, ఆ మాటా బైబిల్ చదువుల నుంచి వచ్చిందే. ఈ 60లో ఎక్కడ పొంతన కుదరకపోయినా 'రచయిత మరిచిపోయాడు' అనడానికి వీల్లేదు. అది ఆట వదిలేసి వెళ్లిపోవడం కింద లెక్క. కథలో ఉన్న ఆధారాలతో, ఆ కాలపు చరిత్రతో, కారణం చూపించాలి. ఈ ఆటని లార్డ్స్ మైదానంలో క్రికెట్ ఆడినంత గంభీరంగా ఆడాలని డొరొతీ సేయర్స్ రాసింది. ఆమె స్వయంగా గొప్ప డిటెక్టివ్ నవలా రచయిత్రి. క్రికెట్ అంటే ఏమిటో తెలిసినవాళ్లం కాబట్టి ఆ పోలిక మనకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

అందరికీ తెలిసిన చిక్కు వాట్సన్ గాయం. 1887లో వచ్చిన మొదటి నవలలో ఆయన అఫ్ఘానిస్తాన్‌లో మైవంద్ యుద్ధంలో భుజానికి తూటా దెబ్బ తింటాడు. అది 1880 జూలై 27న నిజంగా జరిగిన యుద్ధం. 1890లో వచ్చిన రెండో నవలలో అదే వాట్సన్ కాలి గాయం సలుపుతోందని చెప్పుకుంటాడు. తూటా ఒకటా, రెండా? వంగి ఉండగా ఒకటే తూటా భుజంలోంచి కాలిలోకి దిగిందా? దీని మీద వచ్చిన వ్యాసాలు ఒక అలమార నింపుతాయి. ఇంకో చిక్కు ఆయన పేరు. ఆయన జాన్ హెచ్. వాట్సన్. ఒక కథలో భార్య మాత్రం 'జేమ్స్' అని పిలుస్తుంది. సేయర్స్ చూపిన పరిష్కారం చూడండి: ఆ 'హెచ్' అంటే హామిష్ అయ్యుండాలి, స్కాట్లండ్‌లో జేమ్స్‌కి అది ఇంకో రూపం, భార్య ముద్దుగా భర్త మధ్య పేరుని ఇంగ్లీషు చేసి పిలిచింది. ఒక్క అక్షరం పట్టుకుని పొంతన కుదిర్చేసింది.

ఇది చదివినప్పుడు నాకు వెంటనే గుర్తొచ్చింది అవధానం. పెదనాన్న ఊళ్లో ఎక్కడ అవధానం జరిగినా వెళ్లేవారు, నన్నూ తీసుకెళ్లేవారు. ఆయనకి అన్నింటికన్నా ఇష్టం సమస్యాపూరణం. పృచ్ఛకుడు అర్థం లేనట్టు, అసంబద్ధంగా ఉండే పాదం ఒకటి ఇస్తాడు. అవధాని ఆ పాదంలో ఒక్క అక్షరం మార్చకూడదు. 'ఇది తప్పు పాదం' అని తోసేయకూడదు. మిగతా మూడు పాదాలు తను కట్టి, ఆ అసంబద్ధానికి అర్థం తెప్పించాలి. తెనాలి రామకృష్ణుడి పేరు మీద మనం చిన్నప్పటి నుంచి వింటున్న సమస్యే తీసుకోండి: "కుంజర యూథంబు దోమ కుత్తుక జొచ్చెన్." ఏనుగుల మంద దోమ గొంతులో దూరిందట. దానికి రామకృష్ణుడు పాండవుల్ని తెచ్చాడు. అంతటి వీరులు విరాటరాజు కొలువులో పనివాళ్లుగా చేరవలసి రావడం ఏనుగుల మంద దోమ గొంతులోకి పోవడం కాక మరేమిటి? పాదం మారలేదు, అక్షరం మారలేదు. అసాధ్యం కాస్తా దుఃఖంగా మారింది.

వాట్సన్ భుజం, వాట్సన్ కాలు. ఇది సమస్య. మూలంలో అక్షరం మార్చకూడదు, పూరించాలి. షెర్లాకియన్ చేసేది అచ్చంగా సమస్యాపూరణమే అని నా వాదన. పోలిక బాగుందని అంటున్న మాట కాదిది. రెండు చోట్లా పనికి మూలం ఒకటే: పాఠం మీద గౌరవం, పాఠంలోని చిక్కు మీద ప్రేమ. మన మెదక్ సీమ కొలిచాల వంశపు మల్లినాథసూరి కాళిదాసుకి వ్యాఖ్యానం రాస్తూ, మూలంలో ఆధారం లేనిది ఏదీ రాయను, అక్కర్లేనిది చెప్పను అని ముందే మాట ఇచ్చాడు. కథల్లో హోమ్స్ కాపురమున్న లండన్ వీధి బేకర్ స్ట్రీట్ మీద పరిశోధన చేసేవాళ్లు గోడకి రాసుకోదగ్గ మాట.

ఇక అభిమాని అనే మాట సంగతి. తెలుగులో అభిమానం అంటే ప్రేమ ఒక్కటే కాదు. 'అభిమానం దెబ్బతింది' అంటాం. 'అభిమానం చంపుకుని అడిగాను' అంటాం. ప్రేమా, పరువూ రెండూ ఆ మాటలో కలిసే ఉన్నాయి. అందుకే మన హీరోలో తప్పు చూపిస్తే అభిమానికి గుచ్చుకుంటుంది. గుచ్చుకోవడం సహజం, అందులో నేను తప్పు పట్టేదేమీ లేదు, నేనూ కొందరికి అభిమానినే. షెర్లాకియన్‌కి మాత్రం తప్పు దొరకడమే పండగ. తప్పు ఎంత పెద్దదైతే పండగ అంత పెద్దది. తన ఇష్టాన్ని నిలబెట్టుకోవడానికి అతను కళ్లు మూసుకోవాల్సిన పని లేదు, ఇంకాస్త విప్పుకోవాలి. ఈ రెండు మనస్తత్వాలకీ ఒకే మాట వాడితే రెండోది తెలుగు పాఠకుడికి కనిపించకుండా పోతుంది.

నమ్మకం విషయంలోనూ అంతే. 221బి బేకర్ స్ట్రీట్ అనే ఇంటి నంబరు ఆ కథలు రాసే నాటికి ఆ వీధిలో లేనే లేదు. తర్వాత వీధిని పొడిగించి నంబర్లు మార్చారు. 1932 నుంచి అక్కడ అబ్బే రోడ్ బిల్డింగ్ సొసైటీ ఆఫీసు ఉండేది. 221 కూడా వాళ్ల భవనంలోకే వచ్చింది. ప్రపంచం నలుమూలల నుంచి హోమ్స్‌కి సాయం అడుగుతూ ఉత్తరాలు వచ్చిపడేవి. వాటికి జవాబులు రాయడానికి ఆ సంస్థ ఏకంగా ఒక ఉద్యోగిని పెట్టింది. ఆ ఉత్తరాలు రాసినవాళ్లలో నిజంగా నమ్మినవాళ్లు ఉండి ఉంటారు. వాళ్ల మీద నాకు ప్రేమే. షెర్లాకియన్ మాత్రం ఆయన లేడని తెలిసి, ఉన్నాడని ఒప్పుకుని పని మొదలుపెడతాడు. లెక్కల్లో 'ఎక్స్ అనుకొనుము' అంటాం చూడండి, అలా.

పేరులోనూ ఒక ముచ్చట ఉంది. ఇంగ్లండులో వీళ్లని ఎక్కువగా హోమ్సియన్లు అంటారు, ఇంటిపేరు మీద. షెర్లాకియన్ అమెరికావాళ్ల అలవాటు. 1934లో ఒకే ఏడాది లండన్‌లో ఒక సంఘం, న్యూయార్క్‌లో ఒక సంఘం పుట్టాయి. లండన్ సంఘం కొన్నేళ్లకి ఆగిపోయి 1951లో మళ్లీ మొదలైంది. న్యూయార్క్‌లో క్రిస్టఫర్ మోర్లీ పెట్టినదాని పేరు బేకర్ స్ట్రీట్ ఇర్రెగ్యులర్స్. కథల్లో హోమ్స్ కోసం లండన్ అంతా తిరిగి కబుర్లు పట్టుకొచ్చే వీధి పిల్లల దండు ఒకటుంటుంది. రోజుకి ఒక షిల్లింగు కూలి. ఆ పిల్లల పేరే ఈ పెద్దవాళ్లు తమకి పెట్టుకున్నారు. ఇవాళ్టికీ కొత్త సభ్యుడికి కథల్లోంచి ఒక పేరు, ఒక షిల్లింగు ఇస్తారు. హోమ్స్ పేరు పెట్టుకోకుండా, ఆయనకి కబుర్లు మోసిన వీధి పిల్లల పేరు పెట్టుకున్నారు చూశారా! సంఘం అసలు ఉద్దేశం ఆ ఎంపికలోనే నాకు కనపడుతుంది. అన్నట్టు, కథల్లో వాట్సన్ ఆయన్ని ఎప్పుడూ 'షెర్లాక్' అని పిలవడు. అలా పిలిచేది అన్న మైక్రాఫ్ట్ ఒక్కడే. షెర్లాకియన్ అనే మాటలో అందుకే కొంత ఇంటి చనువు ఉందనిపిస్తుంది. హోమ్సియన్‌లో అది లేదు. నాకు షెర్లాకియనే ఇష్టం.

ఈ ఆట ఈ కథలతోనే ఎందుకు ఇంతగా పుట్టింది? చాలామంది పాత్ర గొప్పతనం అంటారు. నిజమే గానీ, నాకు రెండో కారణం కనపడుతుంది. డాయల్ తొందరగా రాశాడు. మొదటి నవల హక్కులన్నీ 25 పౌండ్లకి అమ్మేశాడు. 1891లో స్ట్రాండ్ పత్రికలో కథలు మొదలై పేరు మోగిపోయాక, ఆ ఏడాదే హోమ్స్‌ని చంపేయాలనుందని తల్లికి రాశాడు. ఆమె వద్దంది. 1893 డిసెంబరు కథలో రైఖెన్‌బాక్ జలపాతం దగ్గర చంపేశాడు. చారిత్రక నవలలే తన అసలు పని అనుకున్నాడాయన. పాఠకుల కోసం, డబ్బు కోసం 1901లో పాత కేసు అని చెప్పి ఒక నవల, 1903లో ఏకంగా బతికించి మళ్లీ కథలు. చివరి కథ 1927లో. మధ్యలో వెనక్కి తిరిగి చూసుకున్న గుర్తు లేదు. గుర్రప్పందేల నియమాలు తెలియకుండానే గుర్రప్పందేల కథ రాశానని ఆత్మకథలో ఆయనే ఒప్పుకున్నాడు. ఆ పాము కథేమో, తన కథల్లో అన్నింటికన్నా మంచిదని 1927లో ఆయనే జాబితాలో మొదట పెట్టుకున్నాడు!

అంటే రచయిత పట్టించుకోని చోట పాఠకులు పట్టించుకున్నారు. ఆయన వదిలేసిన ప్రతి కన్నం దగ్గరా ఎవరో ఒకరు లాంతరు పట్టుకుని కూర్చున్నారు. ఆ కూర్చున్న మనిషికి పేరు పెట్టాల్సి వస్తే 'ఇష్టపడేవాడు' అంటే ఎలా చాలుతుంది?

దీనికి నాకు ఎదురయ్యే మొదటి ప్రశ్న: లేని మనిషి మీద ఇంత శ్రమ దండగ కదా? నా అనుభవం చెప్తాను. ఒక కథలో రైలు వెళ్తుండగా హోమ్స్ కిటికీలోంచి చూసి, రైలు గంటకి యాభై మూడున్నర మైళ్ల వేగంతో పోతోందంటాడు. టెలిగ్రాఫు స్తంభాలు 60 గజాలకి ఒకటి ఉంటాయి కాబట్టి లెక్క తేలికంటాడు. పెదనాన్న నాచేత ఆ లెక్క చేయించారు. గంటకి యాభై మూడున్నర మైళ్లంటే సెకనుకి 26 గజాల పైచిలుకు. ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభానికి 2.3 సెకన్లు. గడియారంలో ఆ పది వంతుల్లో మూడు పట్టుకోవడం ఎలా? ఒక స్తంభం కాదు, ఎన్నో స్తంభాలు లెక్కపెట్టి సగటు తీయాలి. మరి మాట్లాడుతూ మాట్లాడుతూ అన్ని స్తంభాలు ఎప్పుడు లెక్కపెట్టాడు? బళ్లో ఏడాది పొడుగునా బుర్రకెక్కని సగటు ఆ మధ్యాహ్నం ఎక్కింది. లేని మనిషి నేర్పిన లెక్క ఉన్న మనిషికి పనికొచ్చింది. ఆ కథల వల్లే విక్టోరియా కాలపు రైళ్లు, తపాలా, వార్తాపత్రికలు, విషాలు, వీలునామాల మీద ఎంత చరిత్ర తవ్వి తీశారో చూస్తే దండగ అనే మాట నోట రాదు.

రెండో ప్రశ్న దీనికన్నా గట్టిది, దాన్ని దాటవేయను. ఈ మాట వెనక మూసిన తలుపు కూడా ఉంది. న్యూయార్క్ సంఘం విందులోకి ఆడవాళ్లకి తలుపు సరిగ్గా తెరుచుకున్నది 1991లో. 1934 నుంచి లెక్క వేసుకోండి. 1968 జనవరిలో కాలేజీ అమ్మాయిలు కొందరు ఆ విందు జరుగుతున్న చోటికి వెళ్లి, బయట చలిలో అట్టలు పట్టుకుని నిలబడ్డారు. వాళ్లే 'అడ్వెంచరెసెస్ ఆఫ్ షెర్లాక్ హోమ్స్' అని సొంత సంఘం నడుపుకున్నారు. ఆటకి క్రికెట్ పోలిక చెప్పింది ఒక స్త్రీ. వాట్సన్ పేరు చిక్కు విప్పింది ఒక స్త్రీ. అయినా ఆమె ఆడిన ఆటకే ఆమెలాంటివాళ్లని బయట నిలబెట్టారు. ఇది చదివిన రోజు నాకు చాలా కోపం వచ్చింది. తర్వాత అనిపించింది, ఆ అమ్మాయిలు గేటు బయట నిలబడి తామూ షెర్లాకియన్లమేనన్నారు. మాట ఎవరి సొత్తో వాళ్లు అడగలేదు. పని చేస్తున్నాం కాబట్టి పేరు మాదేనన్నారు. నా వాదన కూడా ఇదే కదా.

కథల్లో మనకి నొప్పి కలిగించేవీ ఉన్నాయి. రెండో నవలలో అండమాన్ దీవి మనిషి ఒకడుంటాడు. అతన్ని వర్ణించిన తీరు దారుణం. మనిషిలా చూడలేదు. ఆగ్రా నిధి చుట్టూ తిరిగే ఆ నవలలో, కలకత్తా డాక్టరు కథలో, కల్నల్ మోరన్ కథలో, ఇండియా అంటే పాములూ, పులులూ, దోచుకున్న నగలూ, ఎండకి మతి చెడిన తెల్లవాళ్లూ. వీరాభిమాని అయితే ఇక్కడ ఇరకాటంలో పడతాడు. షెర్లాకియన్ పడనక్కర్లేదు. కథ చెబుతున్నది వాట్సన్ అని నియమం ఉంది కాబట్టి, 'వాట్సన్ కళ్లు ఎంతవరకు చూడగలిగాయి?' అని అడగొచ్చు. బబూన్‌ని ఇండియా జంతువు అన్న మనిషి అండమాన్ మనిషి గురించి చెప్పినదాన్ని ఎంతవరకు నమ్మాలి? పెదనాన్న పాముతో మొదలుపెట్టిన ప్రశ్న ఇక్కడిదాకా వస్తుంది. నా మటుకు నాకు ఈ ఆటలో అన్నింటికన్నా విలువైన మలుపు ఇదే.

2010లో బీబీసీ సీరియల్ వచ్చాక కొత్తగా లక్షల మంది చేరారు, వాళ్లని షెర్లాకియన్లు అనొచ్చా అని పాతవాళ్లు నసిగారు. దీని మీద పెద్దగా చెప్పేదేం లేదు. టీవీ చూసి ఇష్టపడితే అభిమాని. అందులో ఒక దృశ్యం పట్టుకుని మూల కథ తెరిచి, ఎందుకిలా అని అడిగిన నిమిషం నుంచి షెర్లాకియన్.

మనకి డిటెక్టివ్‌లు లేకపోలేదు. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్, అసిస్టెంటు రాజు ఒక తరాన్ని నిద్రపోనివ్వలేదు. పెదనాన్న ఆ నవలలూ చదివేవారు. వాటి మీద పెన్సిలు పెట్టింది మాత్రం నేను చూడలేదు. కారణం ఇప్పుడు తడుతోంది. అవి అద్దె పుస్తకాలు, మర్నాడు తిరిగి ఇచ్చేయాలి. మార్జినులో రాసుకోవడానికి పుస్తకం మనదై ఉండాలి, మళ్లీ మళ్లీ దొరకాలి. అరవై రచనలూ ఒక సంపుటంలో ఎప్పుడూ అచ్చులో ఉండబట్టే హోమ్స్‌కి షెర్లాకియన్లు పుట్టారు. యుగంధర్ నవలలన్నీ వరసగా, తేదీలతో ఎవరైనా ఒక చోట పెడితే, రాజు వయసు ఏ నవలలో ఎంతో లెక్కపెట్టేవాళ్లు మనలోనూ తప్పకుండా బయల్దేరతారు. నేను మొదట నిలబడతాను.

మరి షెర్లాకియన్‌ని తెలుగులో ఏమనాలి? చాలా ఆలోచించాను. 'హోమ్స్ పండితుడు' అంటే బరువు ఎక్కువై ఆట పోతుంది. 'షెర్లాకీయుడు' వ్యాకరణానికి బాగానే ఉంటుంది, భారతీయుడి లాగా, కానీ నోట పలకదు. 'హోమ్స్ వ్యాఖ్యాత' కొంత దగ్గర, అయితే ఇవాళ వ్యాఖ్యాత అంటే టీవీలో మైకు పట్టుకున్న మనిషే గుర్తొస్తాడు. అవధాని అందామంటే ఆ మాటకి ఒక స్థానం ఉంది, దాన్ని కదపకూడదు. మార్క్సిస్టుని మార్క్సిస్టు అనే రాసుకున్నాం. షెర్లాకియన్‌ని షెర్లాకియన్ అనే రాసుకుందాం. మొదటిసారి వచ్చిన చోట ఒక్క వాక్యం కలిపితే చాలు: హోమ్స్ కథల్లో చిక్కులు వెతికి, కథ దాటకుండా విప్పే పాఠకుడు. ఆ వ్యాసం మళ్లీ నా చేతికొస్తే నాలుగు చోట్లా దిద్దుతాను.

పెదనాన్న పుస్తకం ఇప్పుడు నా దగ్గరే ఉంది. పోయిన దసరాకి మా అన్నయ్య కూతురు వచ్చినప్పుడు అలమారలోంచి అది లాగింది. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. ఎర్రజుట్టువాళ్ల సంఘం కథ పేజీలో పెన్సిలు రాత చూసి, ఏమిటిది అత్తా అని అడిగింది. కథలో ఒక వ్యాపారి పాత పేపరు ప్రకటన చూపిస్తాడు. వాట్సన్ దాని మీద తేదీ చదువుతాడు, 1890 ఏప్రిల్ 27, సరిగ్గా రెండు నెలల కిందటిది అంటాడు. కొన్ని పేజీల తర్వాత ఆ సంఘం మూసేశామని తలుపుకి కొట్టిన అట్ట మీద అక్టోబరు 9 అని ఉంటుంది. అది ఆ ఉదయమే చూశానంటాడు వ్యాపారి. ఏప్రిల్‌కి రెండు నెలలు కలిపితే అక్టోబరు ఎలా అవుతుంది? సేయర్స్ దీని మీద ఒక వ్యాసమే రాసింది. చేతిరాతలో నెల పేరు అచ్చుపనివాళ్లు తప్పు చదివి ఉంటారని ఒక పరిష్కారం ఉంది. పెదనాన్న మాత్రం మార్జినులో తేదీలు రాసి, అలవాటు ప్రకారం కింద "చూడాలి" అని వదిలేశారు.

ఆ పిల్ల ఫోన్ తీసి 1890 కేలండరు చూసింది. అక్టోబరు 9 గురువారం. కథలో హోమ్స్ ఆ రోజు శనివారమని అంటాడని నేను చెప్పాను. పేజీ వెనక్కి తిప్పి ఆ వాక్యం తనే వెతికి పట్టుకుంది. మళ్లీ ఫోన్ చూసింది. "అత్తా, ఏప్రిల్ 27 ఆదివారం. మరి ఆ పేపరు ఆదివారం కూడా వచ్చేదా?"

ఈ సంగతి పెదనాన్న మార్జినులో లేదు. నాకూ ఇన్నేళ్లుగా తట్టలేదు. టేబుల్ మీద ఉన్న పెన్సిలు తన చేతికిచ్చాను.